సీటు వెనక్కి జరుపుకోవడం

పండక్కో పనికో తిమ్మాజిపేట వెళ్ళినప్పుడల్లా మా తమ్ముడు నా కారు తాళంచెవి తీసుకుని జడ్చర్ల దాకా వెళ్ళొస్తాడు. మళ్ళీ నేను ఎక్కేసరికి డ్రైవర్ సీటు చివరిదాకా వెనక్కి జరిగి ఉంటుంది. నేను సీటు కింద ఉన్న కడ్డీ పైకెత్తి, టకటకమని నాలుగు గాట్లు ముందుకు లాక్కుంటాను. ఆరేళ్ళపాటు ఇదే తంతు. వాడిదీ నాదీ ఒకటే ఎత్తు, ఐదడుగుల పది అంగుళాలు. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఒకే కారులో సీటు రెండు చోట్ల ఎందుకు ఉండాలో ఆ ఆరేళ్ళలో నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. స్త్రీల రచనల్లో శరీరం గురించి పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని!

అనుమానం నడుంనొప్పితో వచ్చింది. హైదరాబాద్ నుంచి మా ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు. జడ్చర్ల దాకా పెద్ద రోడ్డు, అక్కణ్ణుంచి నాగర్‌కర్నూల్ వైపు తిరగాలి. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి కుడికాలు తిమ్మిరెక్కేది. భుజాలు పట్టేసేవి. ఇంటి ముందు దిగాక కాసేపు కారు పట్టుకుని నిలబడితే గానీ అడుగు పడేది కాదు. గంటల తరబడి కూర్చుని చదవడం వల్ల అనుకున్నాను. వయసు వల్లేమో అనుకున్నాను. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆమె నా ముందుకి ఒక స్టూలు జరిపి, “కారులో ఎట్లా కూర్చుంటారో చూపించండి” అంది. చూపించాను. మోకాళ్ళు పైకి లేచి చెరోవైపుకి, మోచేతులు డొక్కలకి ఆనించుకుని, వీపు వంచి, మెడ ముందుకి చాచి... ఆమె కాసేపు చూసి, “ఇంత పొడుగున్నారు, సీటు వెనక్కి జరుపుకోరా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. డ్రైవింగ్ నేర్పినాయన “ఆడవాళ్ళు స్టీరింగుకి దగ్గరగా కూర్చుంటేనే కంట్రోల్ ఉంటది మేడం” అన్న మాట గుర్తొచ్చింది. కానీ ఆయన ఒక్కడి మీద తోసెయ్యలేను. వంగడం నేను అంతకు చాలా ముందే నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికే మా అవ్వ, “ఇంకెంత పెరుగుతవే బిడ్డా, దర్వాజకు తలకాయ తాకేటట్టున్నది. నీ అంత పొడుగు పిలగాణ్ణి యాడికెళ్ళి తేవాలె?” అని దిగులుపడేది. అదే ఏడాది తమ్ముడు నాలుగంగుళాలు పెరిగితే గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. నేను ఫొటోల్లో మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేదాన్ని. మడమ ఎత్తు లేని చెప్పులే కొనుక్కునేదాన్ని. పెళ్ళిచూపులకి వాళ్ళు రాకముందే నన్ను చాప మీద కూర్చోబెట్టి, వెళ్ళేదాకా లేవొద్దని చెప్పారు. మా మండలంలోనే అవంచ పొలాల్లో ఇరవై అడుగులకి పైగా ఎత్తున్న ఏకశిలా గణపతి ఉన్నాడు. అంత ఎత్తుని మెడ పైకెత్తి చూసి మురిసిపోయే మనుషులే ఆడపిల్ల ఎత్తుని చూసి భయపడేవాళ్ళు.

అమెరికన్ స్త్రీవాద తాత్వికురాలు ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ‘ఆడపిల్లలా విసరడం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాసింది. స్త్రీలు తమ శరీరానికి అందుబాటులో ఉన్న జాగాని పూర్తిగా వాడుకోరనీ, చుట్టూ కనపడని గిరి ఒకటి గీసుకుని అందులోనే కదులుతారనీ, ఇది పుట్టుకతో వచ్చింది కాదనీ అంటుంది. ఆ వ్యాసాన్ని నా థీసిస్‌లో చర్చించాను. సెమినార్లలో చాలాసార్లు ప్రస్తావించాను. మాట్లాడి వచ్చి అదే గిరిలో కూర్చుని కారు నడిపాను.

అయితే తప్పంతా నా పెంపకానిదే అంటే అన్యాయం. చిన్న కారు పొడుగు మనుషుల కోసం తయారైంది కాదు. 2006 బడ్జెట్లో కేంద్ర ప్రభుత్వం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించినప్పుడూ కొలబద్ద అదే. ఆ నాలుగు మీటర్లలోనే ఇంజనూ, ఐదుగురు మనుషులూ, సామానూ సర్దాలి. అందుకని సీటు అడుగుభాగం పొట్టిగా ఉండి పొడుగు తొడలకి సగం దాకానే ఆనుతుంది. చాలా చిన్న కార్లలో స్టీరింగు పైకీ కిందికీ కదులుతుంది గానీ మనవైపుకి రాదు. కాళ్ళకి చోటు కావాలని వెనక్కి జరిగితే చేతులకి స్టీరింగు అందదు. చేతుల కోసం ముందుకొస్తే మోకాళ్ళు తగులుతాయి.

ఎవరి కొలతలతో చేస్తారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. కార్లని గుద్దించి పరీక్షించే బొమ్మల్లో ఎక్కువగా వాడేదాన్ని 1970లలో అమెరికాలో తయారుచేశారు. అది సగటు మగవాడి బొమ్మ. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు. ఆడ బొమ్మ అని చాలాకాలం వాడింది దాన్నే కుదించిన ఐదడుగుల బొమ్మ. అమెరికా ప్రభుత్వం స్టార్ రేటింగ్ కోసం ఎదురుగా గుద్దించే పరీక్షలో ఆ చిన్న బొమ్మ కూర్చునేది డ్రైవర్ పక్క సీట్లో! సగటు స్త్రీ శరీరానికి తగ్గ బొమ్మని, 162 సెంటీమీటర్ల ఎత్తూ 62 కిలోల బరువూ ఉన్నదాన్ని, స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం బయటపెట్టింది 2022లో. నేను ఆ మగ బొమ్మ కంటే కూడా మూడు సెంటీమీటర్లు ఎక్కువ. ఆడవాళ్ళ లెక్కలోనూ లేను, మగవాళ్ళ లెక్కలోనూ లేను.

ఒక ఆదివారం మా ఇంటి ముందు వేపచెట్టు కింద కారు ఆపుకుని, అన్నీ మొదటినుంచీ సరిచేసుకున్నాను. ముందు నడుం సీటు మూలకి ఆనేదాకా వెనక్కి జరిగి కూర్చోవాలి. ఎడమకాలితో క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేంత దూరానికి సీటు జరపాలి. నాకది చివరినుంచి రెండో గాటు. తర్వాత సీటు ఎత్తు. తలకీ పైకప్పుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండేట్టు బాగా కిందికి దించుకున్నాను. ఆ తర్వాత వీపు. భుజాలు సీటుని వదలకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. తమ్ముడిలా వెనక్కి వాలితే అందలేదు. వీపుభాగం నిటారుగా లేపితే అందింది. స్టీరింగు మోకాళ్ళకి తగలకుండా, మీటర్లు కనపడేట్టు సర్దాను. అందులోంచి ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటుంది కాబట్టి రొమ్ముకీ దానికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. ఇన్నాళ్ళూ నాకు ఆ దూరం లేదు. తల ఆనించుకునే దిండు పూర్తిగా పైకి లాగినా చెవుల దాకానే వచ్చింది. దానికి నేను చెయ్యగలిగింది లేదు. అద్దాలు అన్నిటికన్నా చివర.

ఆ సాయంత్రం అమ్మని తీసుకుని బయల్దేరాను. ఎప్పటిలాగే నా వెనక సీట్లోకి ఎక్కబోయి ఆగిపోయింది. “కాళ్ళు యాడ పెట్టుకోవాలె బిడ్డా?”

నా చెయ్యి దానంతటదే సీటు కింది కడ్డీ మీదికి వెళ్ళింది. ఫిజియోథెరపిస్టుకి చెప్పలేకపోయిన జవాబు అప్పుడు తెలిసింది. వెనక కూర్చునేవాళ్ళకి ఇబ్బంది అని ఆరేళ్ళుగా నేను ముందుకి జరుగుతూ వచ్చాను. ఎవరూ అడగలేదు. నేనే జరిగాను.

“తమ్ముడు నడిపితే ఎక్కడ కూర్చుంటవమ్మా?” అని అడిగాను.

“ఎడమ దిక్కు. వాడు పొడుగు గదా, వాని ఎనక జాగుండదు.”

“నేనూ అంతే పొడుగు కదమ్మా?”

అమ్మ నావైపు కొత్తగా చూసింది. “నువ్వెప్పుడూ ముందటికే కూసుంటవ్. నీకట్లనే బాగుంటదనుకున్న” అంది. కోపం లేదు, సంజాయిషీ కూడా కాదు. ఉన్నమాట చెప్పింది. చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది.

ముందు సీట్లో కూర్చోమంటే అమ్మ రాదు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. బెల్టు మెడ మీద కోసుకుంటుందని ఎప్పట్నుంచో అంటోంది. ఆ మాటా నేను సరిగ్గా వినలేదు. పొడుగుదాన్నని నాకూ, పొట్టిదాన్నని ఆమెకీ ఆ కారు కుదరదు. మా ఇద్దరి మధ్యా ఒక అడుగు తేడా ఉంది. ఇద్దరం ఇన్నాళ్ళూ మనమే సర్దుకోవాలనుకున్నాం.

జడ్చర్ల దాటాక అమ్మ అడిగింది, “ఇయ్యాల నడుము నొస్తలేదా?” అని. నొప్పి ఉంది, తగ్గింది. ఆరేళ్ళ నొప్పి ఒక సాయంత్రంతో పోదు.

మొన్న దసరాకి తమ్ముడు ఎప్పటిలాగే కారు తీసుకెళ్ళి వచ్చాడు. నేను ఎక్కి సీటుని ఒక్క గాటు ముందుకి లాక్కున్నాను. వీపు కొంచెం లేపాను. “ఏందక్కా, ఇంత ఎనకకు కూసుంటున్నవ్, అందుతదా?” అన్నాడు.

“అందుతుంది” అని అద్దం సరిచేసుకున్నాను.