పదిహేనేళ్ల గుక్క

మన సినిమాల్లో విస్కీకి రెండే వేషాలు. హీరో చేతిలో ఉంటే విషాదం, విలన్ చేతిలో ఉంటే కుట్ర! 'దేవదాసు' (1953) నాటినుంచీ చూస్తున్నాం. సీసా ఎత్తినవాళ్లే గాని, నాలుక మీద నిలిపి రుచి చూసినవాళ్లు అరుదు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు, ఆ మధ్య ఓ పాట షూటింగ్ కబుర్లు రాయడానికి యూనిట్‌తో స్కాట్లాండ్ వెళ్లేదాకా.

వాన పడి షూటింగ్ ఆగిపోయింది. స్పే నది దగ్గర హోటల్లో చేరాం. "గురువుగారూ, ఇంతదూరం వచ్చి టీ తాగి పోతామా?" అంటూ కెమెరా అసిస్టెంట్ గ్లెన్‌ఫార్‌క్లాస్ పదిహేనేళ్లది రెండు గ్లాసులు చెప్పేశాడు.

చెప్పొద్దూ, నాకు గుండె ఝల్లుమంది. మాది నెల్లూరు జిల్లా. తాతయ్య సారాకి బానిస. ఆయన వీధి మలుపు తిరగకముందే ఆ వాసన ఇంట్లోకి వచ్చేదనీ, అమ్మమ్మ పిల్లల్ని తీసుకుని పెరటిదారిన పక్కింటికి పోయేదనీ అమ్మ చెప్పేది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక మా ఊళ్లోనూ కదలిక వచ్చింది. చీపురు పట్టి ముందు నడిచింది మా అమ్మమ్మేనట! 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఇంటి మనవణ్ణి నేను.

"ముందు వాసన చూడండి" అన్నాడు బార్లో పెద్దాయన. చూశాను. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అక్రోటు... వాటి వెనకాల, నమ్మండి, అరిసెల పాకం! చిన్న గుక్క వేశాను. మొదట మంట, తర్వాత తీపి, చివర్న చెక్క తాలూకు వగరు.

ఇంతకీ ఈ రుచి ఎక్కణ్ణుంచి వచ్చింది? మొలకెత్తించిన బార్లీని పులియబెట్టి, రాగి బట్టీల్లో రెండుసార్లు కాస్తారు. అప్పుడే దిగిన సరుకు నీళ్లలా ఉంటుంది, అచ్చం మన సారాలాగే! స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో పడుకోవాలి. ఇది పడుకున్నది 15 ఏళ్లు. అదీ స్పెయిన్‌లో తయారయ్యే షెర్రీ అనే ద్రాక్ష మద్యంలో నానిన పీపాల్లో. ఆ రంగు చెక్క ఇచ్చిందే. 1865 నుంచీ ఈ బట్టీని నడుపుతున్న గ్రాంట్ కుటుంబం విడిగా రంగు కలపదు.

పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని 'దేవదూతల వాటా' అంటారు. ఆ పేరుతోనే కెన్ లోచ్ 2012లో సినిమా తీస్తే కేన్స్‌లో జ్యూరీ బహుమతి వచ్చింది. అందులో జైలు అంచుదాకా వెళ్లిన గ్లాస్గో కుర్రాడు విస్కీని పసిగట్టే ముక్కుతోనే ఒడ్డున పడతాడు.

మా తాతయ్య తాగిన సారాకి వయసు లేదు. నిన్న దిగింది, ఇవాళ గొంతులోకి. ఆయనకి కావలసింది రుచి కాదు, మరుపు. నాకు ఆ గ్లాసు ముగించడానికి అరగంట పట్టింది. అలాగని ఖరీదైన గ్లాసు పుణ్యమైపోదు. 46 శాతం ఆల్కహాలు ఎక్కడైనా 46 శాతమే. కాలేయానికి లేబుల్ చదవడం రాదు.

ఊరొచ్చాక అమ్మమ్మకి దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంకోటి పోయించుకున్నావా అబ్బయ్యా?"

"లేదమ్మమ్మా."

"అయితే లే. అన్నం చల్లారిపోతోంది."