పంచాయతీ గది

2018 మే నెల. పిల్లల ఆరోగ్య సర్వే పని మీద పాలమూరు వైపు ఒక ఊరికి వెళ్లాను. మాది శ్రీకాకుళం జిల్లా. పార్థీ గ్యాంగు దిగిందనీ, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనీ అప్పటికే వాట్సాప్‌లో మెసేజీలు తిరుగుతున్నాయి. బైకు మీద వచ్చి పిల్లాణ్ని లాక్కుపోయే వీడియో నాకూ వచ్చింది. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రమనీ, పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపే భాగం కత్తిరించేశారనీ తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం ఒక ఇంటి ముందు ఆడుకుంటున్న పాపను అమ్మ ఉందా అని అడిగాను. అరుగు మీది పెద్దాయన లేచాడు.

"ఏ ఊరు నీది? ఎవరింటికొచ్చినవ్?"

చెప్పాను. నా యాస విని ఆయన ముఖం మారిపోయింది. చూస్తుండగానే జనం పోగయ్యారు. సంచీ తిరగేశారు. పిల్లల ఎత్తు, బరువు రాసిన కాగితాలు బయటపడ్డాయి. పని మీద వచ్చానని చెప్పే రుజువులు అవే. నా ప్రాణం మీదికి తెచ్చినవీ అవే. ఐడీ కార్డు చూపించాను. "గిసువంటియి ఎన్నన్న చేపిచ్చుకుంటరు" అన్నారు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. తర్వాతవి గుర్తులేవు. కొట్టేవాళ్ల కన్నా ఫోన్లు ఎత్తి తీసేవాళ్లే ఎక్కువ. చేతులు జోడించాను. ఏడ్చాను. ప్యాంటు తడిసిపోయింది. ఈ మాట మా ఆవిడకు కూడా చాలాకాలం చెప్పలేదు.

ఆ ఊరి ఆశా కార్యకర్త నన్ను పంచాయతీ గదిలోకి తోసి, బయట గొళ్లెం పెట్టి, గడప మీద కూచుంది. "సచ్చినా తియ్య. పోలీసోళ్లు రావాలె" అని అరుస్తోంది. కాసేపటికి కిటికీ చువ్వల్లోంచి ఎవరో నీళ్ల సీసా అందించారు. గొంతు ఎండిపోతోంది, అయినా ఆ చేతి దగ్గరికి వెళ్లడానికి భయమేసింది.

పొద్దుగూకే వేళకు పోలీసులొచ్చారు. స్టేషన్లో ఒక కానిస్టేబుల్ తన లుంగీ తెచ్చి ఇచ్చాడు. ఏమీ అడగలేదు.

మర్నాడు 'దొరికిన కిడ్నాపర్' అనే రాతతో నా వీడియో మా బావమరిది ఫోన్‌కు చేరింది. మా అమ్మ చూసేసింది.

జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇదే అనుమానంతో ఐదుగురు సంచారజాతి వాళ్లను చంపేశారు. పంచాయతీ గదిలోనే పెట్టి కొట్టారు. అది చదివాక చాలా రాత్రులు తలుపుకి గొళ్లెం పెట్టుకోలేకపోయాను.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదుగురికే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, డప్పులతో పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. నాకు ఊరటనిచ్చింది ఈ రెండోదే.

నా వీడియో ఎవరు మొదలుపెట్టారో తేలలేదు. అందుకే 2021 ఐటీ నిబంధనల్లో మొదట పంపినవాణ్ని గుర్తించాలన్న షరతు వచ్చినప్పుడు సంతోషించాను. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కితే తిట్టుకున్నాను కూడా. 2023లో, కేంద్ర ప్రభుత్వం గురించిన సమాచారంలో ఏది అబద్ధమో సర్కారు విభాగమే తేలుస్తుందన్న సవరణ వచ్చింది. అక్కడ నాకు మనసొప్పలేదు. సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిన, ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద ఆ తర్వాత కూడా కేసులు పెడుతూ వచ్చారు మరి. ఈ సవరణను 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అయినా నిజమో అబద్ధమో తేల్చే ముద్ర ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలుసు. ఆ రోజు నా కార్డు మీది ముద్రను ఎవరూ నమ్మలేదు. గడప మీద కూచున్న మనిషిని దాటి రాలేకపోయారు, అంతే.

ఇలా ఊళ్లు తిరిగే పని మీకూ ఉంటే ముందు పంచాయతీకి వెళ్లండి. ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో వెంటబెట్టుకోండి. స్టేషన్లో పేరు రాయించండి. పరుగెత్తితే దొంగేనని ఖాయం చేసుకుంటారని ఎస్సై తర్వాత చెప్పాడు. నేను పరుగెత్తకపోవడం తెలివి కాదు. కాళ్లు కదల్లేదు.