నిఘంటువు చెప్పని అర్థాలు

తెలుగు నిఘంటువు తిరగేసే అలవాటున్న వాళ్ళకు ‘విశేషము’ అనే మాట బాగా పరిచయం. పాత కావ్యంలో ఏదో ఆట పేరు కనబడుతుంది. అర్థం కోసం చూస్తే ‘బాలక్రీడావిశేషము’ అని ఉంటుంది. తినే పదార్థమైతే ‘భక్ష్యవిశేషము’. నగ అయితే ‘భూషణవిశేషము’. ఆ ఆట ఎట్లా ఆడతారు, ఆ వంట దేనితో చేస్తారు, ఆ నగ మెడకు పెట్టుకుంటారా కాలికి పెట్టుకుంటారా అనే సంగతి మాత్రం తెలియదు. ఆట పేరు అడిగితే అది ఒక ఆట అని చెప్పడం కూడా ఒక అర్థమేనా?

ఈ ‘విశేషాల’ మీద గట్టిగా కోపం తెచ్చుకున్న పెద్దమనిషి సురవరం ప్రతాపరెడ్డిగారు. కోపంతో ఊరుకోకుండా ఒక పుస్తకం రాశారు. అదే 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. నిఘంటువుల్లో దొరకని అర్థాల కోసం ఆయన పల్లెల్లోని ముసలివాళ్ళనూ, పనివాళ్ళనూ అడిగారు. సాలెవాని మాటకు అర్థం సాలెవానికి తెలుస్తుంది గాని పండితునికి ఎట్లా తెలుస్తుంది?

ప్రతాపరెడ్డిగారిది పాలమూరు ప్రాంతం. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1896లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు గాని పేరు తెచ్చింది వకాలతు కాదు, కలం. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చూశారు, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. హాస్టలు గదిలో పుస్తకం పట్టుకున్న ప్రతి విద్యార్థికీ ఆయన ఆ రకంగా బంధువే! 1926లో ‘గోలకొండ పత్రిక’ మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగుకు బడిలోనూ, కచేరీలోనూ చోటు లేని రోజులవి. అటువంటి రోజుల్లో తెలుగు పత్రికను నిలబెట్టడం సామాన్యమైన పని కాదు.

తెలంగాణలో తెలుగు కవులే లేరన్నారట ఎవరో. దానికి ప్రతాపరెడ్డిగారు వాదనకు దిగలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తీసి 354 మంది కవులను వరుసగా నిలబెట్టారు. ఇదుగో లెక్క పెట్టుకోండి అన్నట్లుగా! ఆయన పద్ధతి అంతా ఆ ఒక్క పనిలోనే ఉంది. లేదు అన్న చోటికి వెళ్ళి వెతకడం, దొరికింది పోగుచేయడం, తెచ్చి అందరి ముందూ పెట్టడం.

‘సాంఘిక చరిత్ర’లోనూ చేసింది అదే. నేను చరిత్ర విద్యార్థిని. మా పాఠాల్లో రాజు వచ్చాడు, యుద్ధం చేశాడు, చనిపోయాడు. అతని కొడుకు వచ్చాడు, యుద్ధం చేశాడు. పరీక్షలో తారీఖులు రాస్తే మార్కులు పడతాయి. అయితే ఆ యుద్ధానికి పోయిన సిపాయి పొద్దున ఏం తిని పోయాడు? అతని భార్య జొన్నలు ఎక్కడ దాచుకుంది? పిల్లలు ఏ ఆట ఆడుకున్నారు? ఈ ప్రశ్నలు అడిగితే, అవి చరిత్ర కాదు, సాహిత్యం వాళ్ళను అడగమంటారు. సాహిత్యం వాళ్ళ దగ్గరికి పోతే, మేము ఛందస్సు, అలంకారాలు చూస్తాం గాని సద్ద రొట్టె సంగతి మాకెందుకు అంటారు. రెండు గదులకూ మధ్య గోడ ఒక్కటే. ప్రతాపరెడ్డిగారు ఆ గోడకు తలుపు పెట్టారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళ దాకా జనం తిండి, బట్ట, ఆట, పాట, పండుగ, వ్యాపారం, మూఢనమ్మకం, అన్నీ అందులో ఉన్నాయి.

కావ్యం చరిత్రకు ఆధారమెట్లా అవుతుంది, కవులు అబద్ధాలు రాస్తారు గదా అని మా క్లాసులో చర్చ వచ్చింది. రాస్తారు, కాదనను. రాజును ఇంద్రుడంటారు, చంద్రుడంటారు. రాజు మెప్పు కోసం, అగ్రహారం కోసం ఎంతైనా అంటారు. కాని పూటకూళ్ళ ఇంటి భోజనం ధర విషయంలో అబద్ధమాడితే కవికి వచ్చేదేముంది? ‘క్రీడాభిరామం’ చూడండి. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతూ ఉంటారు. కోడిపందెం, పొట్టేళ్ళ పందెం చూస్తారు. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు సన్నన్నం, గోధుమపిండి వంట, నెయ్యి, పెసరపప్పు, పెరుగు తింటారు. రాజు దిగ్విజయం ఆ కవి ఎంత పెంచి చెప్పినా నేను నమ్మను, ఈ భోజనం మాత్రం నమ్ముతాను. ప్రతాపరెడ్డిగారు కూడా ఒక్క కావ్యం మాటే పట్టుకుని కూర్చోలేదు. విజయనగరం దగ్గరికి వచ్చేసరికి పరదేశ యాత్రికులు రాసుకున్నది కూడా పక్కన పెట్టి చూసుకున్నారు.

ఇంకొక సంగతి. ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ అంటే సభ్యత లేని పుస్తకాలని పెద్దలు మొహం తిప్పుకునే వారు. ప్రతాపరెడ్డిగారికి ఆ రెండూ గనులు! ఆ కథల్లో ఏ కులం వాళ్ళు ఏ పనిముట్టు పట్టారో, అంగట్లో ఏమేం అమ్మారో, పిల్లలు ఏమేం ఆటలాడారో వరుసగా ఉంది. ఆయన శృంగారం జోలికి పోకుండా సామాను పట్టీ రాసుకున్నారు.

బొమ్మలు కూడా అటువంటి సాక్షులే. ఓరుగల్లులో మాచల్దేవి చిత్రశాల గోడల మీద ఏమేం బొమ్మలున్నాయో అదే ‘క్రీడాభిరామం’ చెబుతుంది. ఆ గోడలు ఇప్పుడు లేవు. లేపాక్షి కప్పు మాత్రం ఉంది. మేము విజ్ఞానయాత్రకు పోయినప్పుడు వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు వర్ణచిత్రాలు మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. అందులో పెద్దమనుషుల తలల మీద పొడుగాటి టోపీలున్నాయి. మా వాడొకడు ‘ఇవి పుట్టినరోజు టోపీల్లాగున్నాయే’ అని నవ్వాడు. అవే కుళ్ళాయిలు. శ్రీనాథుడు కర్ణాట రాజు కొలువుకు పోతూ కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని చాటువులో వాపోయింది మనం డిగ్రీలో చదివాం. పద్యం చదివినప్పుడు టోపీ కనబడలేదు. టోపీ చూసిన వాడికి పద్యం గుర్తు రాలేదు. రెండూ కలిపితే ఒక మనిషి కనబడ్డాడు. కొత్త రాజ్యానికి పోయి, తనది కాని టోపీ నెత్తిన పెట్టుకుని, అద్దంలో చూసుకుని ఇబ్బంది పడుతున్న పెద్ద కవి! మన పల్లెల నుంచి వచ్చి ఇంటర్వ్యూకు మొదటిసారి టై కట్టుకున్న మిత్రులకు ఆయన బాధ బాగా తెలుస్తుంది.

నాకు ఈ పుస్తకం విలువ లైబ్రరీలో తెలియలేదు, మా ఇంటి అరుగు మీద తెలిసింది. ఒక ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ దగ్గర కూర్చుని అందులో ఆటల పేర్లు, నగల పేర్లు పైకి చదివాను. అవ్వకు అక్షరం రాదు. నాలుగు పేర్లు వినగానే చేస్తున్న పని ఆపింది.

“ఇయన్నీ ఆయప్పకు ఎవురు చెప్పినార్రా?” అంది.

“మీలాంటోళ్ళనే అడిగినాడంట అవ్వా.”

“మమ్మల్ని ఎవురడుగుతార్రా!” అని నవ్వింది. కాని ఆ రోజు నుంచి నేను అడగకపోయినా తనే చెప్పింది. అచ్చనగండ్లు అంటే ఏమిటో నోటితో చెప్పక, వాకిట్లో అయిదు గులకరాళ్ళు ఏరుకొచ్చి ఎగరేసి చూపింది. పాతర సంగతి చెప్పింది. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి అని నాకూ తెలుసు. నీళ్ళూరని గట్టి నేల చూసి తవ్వుతారని, మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉంచుతారని, చుట్టూ చొప్ప పేర్చి జొన్నలు పోసి పైన మట్టితో మెత్తుతారని ఆమె చెప్తేనే తెలిసింది. పాతర తీసిన వెంటనే మనిషిని దించరట. కొంతసేపు గాలి తగలనిచ్చి ముందు దీపం దించుతారు. దీపం ఆరిందంటే లోపల చెడ్డగాలి ఉన్నట్టు. తొందరపడి దిగినవాడు తిరిగి రాడు. ఇది ఏ నిఘంటువులో ఉంది? రెండు తరాల వెనక ఇది తెలియక మనుషుల ప్రాణాలు పోయేవి. ఇప్పుడు తెలిసినవాళ్ళే పోతున్నారు.

మా అవ్వ పోయిన సంక్రాంతికి ముందు కాలం చేసింది. ఆమె చెప్పినవి నా దగ్గర నలభై పేజీల నోటుబుక్కులో ఉన్నాయి. ఆమె తోటివాళ్ళు మా ఊళ్ళో ఇక ముగ్గురో నలుగురో.

ప్రతాపరెడ్డిగారి పుస్తకంలో లేనివీ ఉన్నాయి. కావ్యం రాసినవాడికి ఎంత కనబడిందో అంతే మనకు దొరుకుతుంది. వెట్టికి పోయిన మనిషి, నాటు వేసిన ఆడమనిషి తమ బతుకు తాము కావ్యంగా రాసుకోలేదు. కొన్నిచోట్ల రచయిత కోపం, ఇష్టం కూడా పైకి కనిపిస్తాయి. అందుకే ఆ పుస్తకాన్ని పూజకు పెట్టుకోకూడదు. ఆయన వదిలిన చోటి నుంచి పని మొదలుపెట్టాలి. దారి మాత్రం ఆయన చూపిందే, అడగడం!

ఆయన 1953లో చనిపోయారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఈ పుస్తకానికే వచ్చింది, తీసుకోవడానికి ఆయన లేరు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. సంతోషమే. గేటు మీద పేరు చదివినవాళ్ళు పుస్తకం లోపలికి కూడా వస్తే ఇంకా సంతోషం.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. మన కళాశాలకు ఎన్నో జిల్లాల నుంచి, ఎన్నో వృత్తుల ఇళ్ళ నుంచి పిల్లలు వస్తున్నారు. కుమ్మరి ఇంటివాళ్ళున్నారు, సాలె ఇంటివాళ్ళున్నారు, గొర్రెల కాపరుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. దసరా సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరు పది మాటలు రాసుకుని రండి. మాట, దాని కింద అది ఏమిటి, ఎట్లా చేస్తారు, ఎవరు చెప్పారు. ఎన్ని మాటలు వచ్చినా వచ్చే ఏడు సావనీరులో నాలుగు పేజీలు వాటికి ఇవ్వండి. కథలూ, కవితలూ ఎట్లాగూ ఉంటాయి. ఒక్క షరతు మాత్రం పెట్టండి, ఏ మాట కిందా ‘విశేషము’ అని రాసి తప్పించుకోకూడదు.