అరకు కొండ మీద ఒక మాడ్యూల్ తక్కువైంది

పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి కాఫీకి వెళ్ళడం నా అలవాటు. తిరిగొచ్చేసరికి ఏవేవో దిగిపోయి ఉంటాయి. అవేంటో ఎప్పుడన్నా చూశానా అంటే... లేదు :)

పోయిన డిసెంబర్లో బుద్ధొచ్చింది. అరకు దాటాక ఏజెన్సీలో ఓ కొండ ఊళ్ళో, కాఫీ పళ్ళు కొనే చిన్న రైతుసంఘానికి మా మావయ్య లెక్కలు రాస్తాడు. ఎక్సెల్ షీట్లో 180 పేర్లు, సీజనంతా ఎవరివి ఎన్ని కిలోలో వరసలు. మర్నాడు సంత. ఆలోగా ఒక్కొక్కరికీ ఎంత రావాలో తెలుగులో చీటీ కావాలి. "ఇంతేనా మావయ్యా" అన్నాను.

అక్కడ నెట్ ఉండదని తెలుసు. అందుకే విశాఖలో స్నేహితుడి లాప్‌టాప్‌లో పిప్ డౌన్‌లోడ్ కొట్టి పాండాస్ 2.2ని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నా. తోకల్లా నంపై, డేట్‌యుటిల్, పైటీజెడ్, టీజెడ్‌డేటా. డేట్‌యుటిల్‌కి మళ్ళీ సిక్స్. వెర్షన్ కలవకపోతే నంపై ఎక్కదని పైథాన్ ఇన్‌స్టాలర్ కూడా అదే వెర్షన్‌ది తీసుకెళ్ళా. ఇంత జాగ్రత్త!

మావయ్య కంప్యూటర్లో అన్నీ ఎక్కాయి. ఇంపోర్ట్ కూడా అయింది. తీరా ఫైలు తెరవమంటే ఓపెన్‌పైఎక్సెల్ లేదంది. హతవిధీ! పాండాస్ లెక్కలో ఎక్సెల్ చదవడం ఐచ్ఛికమట. తప్పనిసరివే పిప్ తనంతట తాను తెస్తుంది, ఐచ్ఛికమైనవి మనం పేరుపెట్టి అడగాలి. నాకు కావలసింది సరిగ్గా అదే.

సిగ్నల్ కోసం కొండ దిగుదామంటే, ఈ మంచులో బండి తియ్యనన్నాడు మావయ్య. "నీ ప్రోగ్రాం మా మిరియాల తీగలాంటిదే అల్లుడూ. సిల్వర్ ఓక్ లేకపోతే పాకదు."

ఇంజినీరింగ్‌లో ఉండగా, 2016 మార్చిలో, లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులో ఆగిపోయాయని చదివి నవ్వుకున్నవాణ్ణి నేను.

షీటుని సీఎస్‌వీగా సేవ్ చేశా. రైతుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలు! మళ్ళీ యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకుంటే పేర్లు నిలిచాయి. పైథాన్‌తోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌తో పాతిక లైన్లలో పనైపోయింది. పేరుకో కూడిక, అంతే. దీనికి పాండాస్ ఎందుకు మోసుకెళ్ళానో!

రాత్రి 11కి చీటీలు ప్రింటయ్యాయి. మావయ్య ఒక్కో పేరూ పైకి చదువుతూ చేతిరాత పుస్తకంతో సరిచూశాడు. రెండుచోట్ల షీటే తప్పు. దిద్ది మళ్ళీ ప్రింట్ తీశాం.

అన్నట్టు, ఓపెన్‌పైఎక్సెల్‌కి ఈటీ ఎక్స్ఎంఎల్‌ఫైల్ అని ఇంకోటి కావాలి. ఇప్పుడు రెండూ నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.