వెలుగు ముందు, చప్పుడు తర్వాత

మాది సూళ్లూరుపేట. జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మా యాస మాత్రం ఇంకా నెల్లూరిదే. శ్రీహరికోటకి వెళ్లాలంటే మా ఊరి మీదుగా, పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు పట్టుకోవాలి. రాకెట్ ఎగిరే రోజు ఊరంతా మేడల మీదే ఉంటుంది. ముందు వెలుగు కనిపిస్తుంది. దాదాపు నిమిషం తర్వాత గానీ చప్పుడు రాదు. వచ్చిందంటే కిటికీ రెక్కలు అదిరిపోతాయి.

2023 ఏప్రిల్‌లో ఒక సెమిస్టర్ కోసం జర్మనీలోని డార్మ్‌స్టాట్ వెళ్లాను. హాస్టల్లో మా ఫ్లోర్‌కి ఎనిమిది గదులు, ఒకటే వంటగది. ఏడుగురు జర్మన్లు, నేను. ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లది. ఈ వారం వంటగది ఎవరు తుడవాలో గోడ మీద పట్టిక. కాగితానికో డబ్బా, ప్లాస్టిక్‌కో డబ్బా, తిండి చెత్తకో డబ్బా. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడకూడదు. ఆదివారం షాపులుండవని తెలియక మొదటి ఆదివారం బ్రెడ్డుతోనే గడిపేశాను.

రెండో వారం పప్పు చేసి పోపు పెట్టాను. ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగింది. అందరూ బయటికొచ్చారు. ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. మర్నాడు ఫ్రిజ్ మీద ఒక చీటీ. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే, 'వండేటప్పుడు కిటికీ తెరవండి' అని ఉంది. అంతే! నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి వంటగదికి వెళ్లడం మానేసి, గదిలోనే పెరుగూ బ్రెడ్డూ తిన్నాను. "ఏం తిన్నావు నాయనా?" అని అమ్మ ఫోన్‌లో అడిగితే "పప్పన్నం" అని చెప్పేవాణ్ణి.

మూడు వారాల తర్వాత ఎదురుగది అబ్బాయి తలుపు కొట్టాడు. "వంటగదికి రావట్లేదేంటి? ఆ చీటీ రాసింది నేనే. అది అందరికీ. నేను చేపలు వేయించినా అలారం మోగుతుంది" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

జులై 14, చంద్రయాన్-3 ప్రయోగం. మనకి మధ్యాహ్నం 2:35, అక్కడ ఉదయం 11:05. వంటగదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఐరోపా అంతరిక్ష సంస్థ కంట్రోల్ సెంటర్ ఉన్న ఊరు కదా, వాళ్లకీ ఆసక్తే. మేడ మీదున్న అమ్మకి వీడియో కాల్ చేశాను. రాకెట్ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఆగండి, చప్పుడు ఇంకా రావాలి" అన్నాను. "ఉండు నాయనా, ఇంకా రాలా" అంది అమ్మ. నలుగురు జర్మన్లు నా ఫోన్ చుట్టూ ఊపిరి బిగబట్టారు. ఉరుము వచ్చింది, దాంతో పాటు పక్క మేడల కేకలూ.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఇంటి సంగతి కాదు, మన హాస్టల్. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది మా గదిలో ముగ్గురం తెలుగువాళ్లం, ఒక అస్సాం అబ్బాయి. రాత్రంతా తెలుగులోనే కబుర్లు. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకసారి ఇంటి నుంచి వెదురు చిగుళ్ల ఊరగాయ తెచ్చుకున్నాడు. వాసనంటూ ముక్కులు మూసుకుని, ఆ సీసాని కిటికీ అవతల పెట్టేశాం. మళ్లీ దాని మూత తీయడం చూడలేదు. ఏడాది చివర గది మారిపోయాడు. ఎందుకని అడగలేదు. మేం చీటీ కూడా రాయలేదు.

తిరిగొచ్చాక అతని గది వెతుక్కుంటూ వెళ్లాను. "అప్పుడు నీ ఊరగాయ కిటికీ బయట పెట్టాం కదా..." అని మొదలుపెట్టాను.

"ఏ ఊరగాయ?" అన్నాడు.

నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు అన్నాడో తెలియలేదు. కుర్చీ మీది బట్టలు తీసి, కూర్చోమన్నాడు.