రెండు నిమిషాల వంట

ఫాస్ట్‌ఫుడ్ అనే మాట పలివెలకి రాకముందు మా ఇంట్లో దాని పేరు హోటలు పొట్లం. నాన్న కొత్తపేట వెళ్ళినప్పుడు హోటల్లో కూర్చుని, పెనం మీంచి దిగిన పెసరట్టు దిగినట్టే తినేవారు. మాకు అరిటాకులో చుట్టించి, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తెచ్చేవారు. ఇంటికొచ్చేసరికి అది చెమర్చి మెత్తబడిపోయేది. మేం పంచుకున్నాక ఆకుకంటుకున్న అల్లం పచ్చడి అమ్మ వంతు.

అమ్మ హోటల్లో కూర్చోగా నా చిన్నతనంలో నేనెప్పుడూ చూడలేదు. వద్దని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు. బస్సు కోసం గంటసేపు నిలబడ్డా, ఎదురుగా బండి మీద బజ్జీలు వేగుతున్నా, నలుగురిలో నోరాడించకూడదని ఆవిడకి తెలుసు. శివరాత్రికి ఉమా కొప్పులింగేశ్వరస్వామి తీర్థంలో కొన్న జీళ్ళు కూడా కొంగున కట్టుకుని ఇంటికొచ్చాకే తినేది.

అలాంటి ఇంట్లోకి ఒక ఎండాకాలం మామయ్య రాజమండ్రి నుంచి వస్తూ మ్యాగీ పాకెట్లు తెచ్చాడు. 1983లో మన దేశానికొచ్చిన ఆ నూడుల్స్ మా దాకా రావడానికి కొన్నేళ్ళు పట్టింది. రెండు నిమిషాల్లో అయిపోతుందన్నాడు. అమ్మ నమ్మలేదు. "నానబెట్టక్కర్లేదా? రుబ్బక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగింది. చివరికి ఆ మసాలా చాలదని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి దాన్ని ఇరవై నిమిషాల వంట చేసింది. నాకు మాత్రం ఆ ఉప్పూ ఆ మసాలా పిచ్చి పట్టించాయి. తర్వాత ఎన్నేళ్ళకో తట్టిందొకటి: రెండు నిమిషాలే అయినా ఆ పాకెట్టు నాన్న చింపలేదు, అన్నయ్యా చింపలేదు.

ఆ రెండు నిమిషాలు ఎందుకంత అబ్బురమో తెలియాలంటే పొట్టిక్కల గురించి చెప్పాలి. కోనసీమలో, ముఖ్యంగా అంబాజీపేటలో, పొట్టిక్కలంటే ప్రాణం పెడతారు. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చెప్పడానికి ఒక్క వాక్యం. అమ్మకి రోజున్నర. ఆకులు ఏరి తుడవాలి, బుట్టలు కుట్టాలి, మినప్పప్పు నానబోసి కడిగి రోట్లో రుబ్బాలి, భుజం లాగేస్తున్నా ఆపకూడదు, తెల్లారుజామునే లేచి కొబ్బరి డొక్కల పొయ్యి ఊదాలి. ఆకు వాసన పట్టిన ఆ పొట్టిక్కకి నేనీనాటికీ దాసురాలినే. కానీ ఇంటిల్లిపాదీ తిని లేచిపోవడానికి పట్టింది పది నిమిషాలు. తినేవాళ్ళకి ఆనాడే అది ఫాస్ట్‌ఫుడ్.

అందుకే స్లోఫుడ్ అని ఎవరైనా మురిసిపోతుంటే నాకు వెంటనే వంత పాడాలనిపించదు. 1986లో రోమ్‌లో మెక్‌డొనాల్డ్స్ రాకను నిరసిస్తూ కార్లో పెట్రీని మొదలుపెట్టిన ఆ ఉద్యమమంటే గౌరవమే. ఊరి పంటలు, ఊరి వంటలు బతకాలి. మరి ఆ నిదానాన్ని మోసే భుజాలెవరివి? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 పెడుతున్నారు. (అసలు చేయని మగవాళ్ళు ఈ సగటులోకే రారు.)

ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక హాస్టల్ సందులో నూడుల్స్ బండి పరిచయమైంది. ఎగిసిపడే మంట, నల్లటి బాండీ, గరిటె టకటక, సోయాసాస్ ఘాటు. చుట్టూ మగపిల్లలే. మొదటిసారి పళ్ళెం అందుకున్నప్పుడు నా తల దానంతటదే వంగింది. నాలుగోసారికి నిటారుగా నిలబడి తిన్నాను. అది ఆరోగ్యమైన తిండని వాదించను, రాత్రంతా దాహం వేసేది. కానీ పొయ్యి మీంచి నేరుగా నా చేతికి, పొగలు కక్కుతూ, అందరి వంతులూ అయ్యేదాకా ఆగకుండా వచ్చిన తిండి అది.

2015 జూన్‌లో సీసం మోతాదు మించిందని ఆహార భద్రతా సంస్థ మ్యాగీని వెనక్కి తీయించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, నవంబరులో పాకెట్లు మళ్ళీ కొట్లలోకి వచ్చాయి. ఆ అయిదు నెలలూ బంధువులు నాకు ఫోన్లు చేసి, పిల్లకి ఇంట్లో వండిపెట్టమని హితవు చెప్పారు. పిల్లకి తండ్రి కూడా ఉన్నాడు. ఆయన ఫోను మోగలేదు.

ఈమధ్య ఊరెళ్ళినప్పుడు కొత్తపేట రోడ్డు పక్కన టిఫిన్ బండి దగ్గర ఆగాను. నడిపేది ఒక నలభై ఏళ్ళావిడ. పునుగులు వేస్తూనే చిల్లర లెక్క చూస్తోంది. మీరు తినేదెప్పుడని అడిగాను.

"బండి కట్టేశాకండి. ఇంటికెళ్ళి, వండి, ఆళ్ళకి పెట్టి..." అంది, ఇంకో వాయ తీస్తూ.