వన్స్ మోర్!

"శనివారం సాయంత్రం థియేటర్‌కి వెళ్తున్నా" అని ఆఫీసులో అన్నానంటే వెంటనే వచ్చే ప్రశ్న, "ఏ సినిమా?" "సినిమా కాదు, నాటకం" అంటాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఒకరు, నాకేదో పెద్ద జబ్బు చేసిందని విన్నట్టు ముఖం పెట్టి, "ఇంకా ఆడుతున్నారా అవి?" అని అడుగుతారు.

ఆడుతున్నారు. రవీంద్రభారతిలో ఆడుతున్నారు, బంజారాహిల్స్ లామకాన్‌లో ఆడుతున్నారు, ఊళ్లలో తిరునాళ్లకీ పరిషత్తు పోటీలకీ ఆడుతున్నారు. మనకే పట్టదు. అసలు మన మాటల్లోనే నాటకమంటే చిన్నచూపు ఉంది. గమనించారా? ఎవడైనా నటిస్తున్నాడనిపిస్తే "నాటకాలాడకు" అంటాం. అతి చేస్తే "వేషాలేయకు" అంటాం. గుట్టు రట్టయితే "వాడి బాగోతం బయటపడింది" అంటాం. మాట సాగదీస్తే "హరికథలు చెప్పకు" అంటాం. నాటకం, వేషం, భాగవతం, హరికథ... ఒకప్పుడు ఊరు ఊరంతా తెల్లవార్లూ మేలుకుని చూసినవన్నీ ఇప్పుడు తిట్లు. సినిమా కూడా తప్పించుకోలేదు లెండి. "నీకు సినిమా చూపిస్తా" అని బెదిరిస్తాం కదా!

మా ఇంట్లో ఆ తిట్టుకి ఇంకో కారణం కూడా ఉంది. మా తాతయ్య నాటకాల్లో వేషం కట్టేవాడు.

తాతయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషం ఆయనది. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్తాను. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడికి బాకీ పడతాడు. అది వసూలు చేసుకురమ్మని విశ్వామిత్రుడు తన శిష్యుణ్ని వెంట పంపిస్తాడు. వాడే నక్షత్రకుడు. అడవుల్లో, ఎండల్లో, కాశీ దాకా వెంటపడి పీక్కుతింటాడు. అందుకే ఇప్పటికీ వదలకుండా వేధించేవాణ్ని "నక్షత్రకుడిలా తగులుకున్నాడు" అంటారు. ఈఎంఐ రెండు రోజులు లేటైతే పొద్దున్నే ఫోన్‌లో ఒక గొంతు పలుకుతుందే, ఆ జాతికి మూలపురుషుడన్నమాట.

తమాషా ఏంటంటే, స్టేజీ మీద బాకీ వసూలు చేసే తాతయ్య కోసం ఇంటి అరుగు మీద బాకీలవాళ్లు కాచుకుని కూర్చునేవాళ్లు. హార్మోనిస్టుకి డబ్బులు, అద్దె దుస్తులకి డబ్బులు, నాటకం పెట్టించినవాడు ఎగ్గొడితే తోటి నటులకి బస్సు చార్జీలు. చివరికి ఒక అరెకరం అమ్మేశాడు. అది నాయనమ్మకి పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం. అప్పట్నుంచి ఆవిడ ఆయన నాటకం ఒక్కటి కూడా చూడలేదు. మా ఊళ్లోనే శ్రీరామనవమి పందిట్లో ఆడినా తలుపేసుకుని పడుకుందట. "చూడ్డానికి అక్కడిదాకా పోవాలా? నక్షత్రకుడు మన ఇంట్లోనే ఉన్నాడుగా" అనేది.

అందుకని నేను నాటకాలంటే ఇష్టంతో పెరిగినవాణ్ని కాదు. అరెకరం మింగిన భూతంగానే అవి నాకు తెలుసు. హైదరాబాద్ వచ్చాక ఒక ఫ్రెండ్ బలవంతంగా సురభి వాళ్ల 'మాయాబజార్'కి లాక్కెళ్లాడు. సురభి అంటే ఏదో కంపెనీ పేరనుకున్నాను. కాదు, ఊరి పేరు. కడప జిల్లాలోని ఆ ఊళ్లో 1885లో వనారస వారి కుటుంబం 'కీచకవధ' ఆడింది. అక్కడ మొదలైంది. కొడుకులు, కోడళ్లు, మనవలు, మనవరాళ్లు... తరాలుగా ఇంటిల్లిపాదికీ స్టేజీయే బతుకు.

ఆ రోజు స్టేజీ మీద రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొన్నాయి. నాకు తీగ కనిపించింది. లైటు పడి సన్నగా మెరిసింది. అయినా చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. సినిమాలో గ్రాఫిక్స్ కొంచెం తేడా కొడితే, టీజర్ వచ్చిన పది నిమిషాల్లో మీమ్స్ వేసి ఏకిపారేస్తాం. మరి ఇక్కడ కళ్లముందు తీగ కనిపిస్తున్నా ఎందుకు పట్టించుకోలేదు?

ఎందుకంటే ఆ తీగకి అటు చివర ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి చెయ్యి ఒక్క సెకను తడబడితే బాణం మన ముందే కిందపడుతుంది. ఇంకో టేక్ లేదు. నేను చప్పట్లు కొట్టింది బాణానికి కాదు, ఆ చేతికి. 

అప్పట్నుంచి నాటకాలు చూడ్డం అలవాటైంది. అలాగని చూసినవన్నీ గొప్పవని అబద్ధం చెప్పను. ఆరింటికి మొదలని వెళ్తాం. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అయ్యేసరికి ఏడున్నర. అప్పుడు తెర లేస్తుంది. మైకుకి దూరమైతే మాట వినిపించదు కాబట్టి, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా ఇద్దరూ మైకు వైపే తిరిగి పోట్లాడతారు. ముందు వరసల్లో నటుల చుట్టాలు, వెనక వరసల్లో చల్లగా ఏసీ ఉందని వచ్చినవాళ్లు. మధ్యలో నాలాంటివాళ్లం నలుగురం. నాటకాల నటుడి జీవితం మీద కృష్ణవంశీ 'రంగమార్తాండ' తీస్తే 2023లో అదే ఫ్రెండ్స్‌తో కలిసి చూశాను. అందరం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాం. "ఆదివారం నాటకముంది, వస్తారా?" అంటే మాత్రం, అందరికీ ఒకేసారి పనులు గుర్తొచ్చాయి.

నాటకాల గురించి తాతయ్య చెప్పిన వాటిలో నాకు బాగా పట్టుకున్నది ఒక్కటే. అది వన్స్ మోర్. పద్యం నచ్చితే జనంలోంచి "వన్స్ మోర్!" అని కేక పడేది. ఏబీసీడీలు రానివాళ్లకి కూడా ఆ రెండు మాటలు వచ్చు. కేక పడితే నటుడు కథ అక్కడే ఆపి మళ్లీ పాడాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి జాషువా గారి పద్యాలు కూడా కలిపి పాడేవాళ్లు. ఆ సీనుకి కేకలే కేకలు. ఒకసారి హరిశ్చంద్రుడి పద్యానికి వరసగా మూడు వన్స్ మోర్‌లు పడ్డాయట. శవంలా పడుకున్న లోహితాస్యుడు, పాపం ఎనిమిదేళ్ల పిల్లాడు, నాలుగోసారికి లేచి కూర్చుని "మావయ్యా, దోమలు కుడుతున్నాయి" అన్నాడట. జనం గొల్లుమన్నారు. పిల్లాడు మళ్లీ పడుకున్నాడు. హరిశ్చంద్రుడు మళ్లీ ఎత్తుకున్నాడు. "నవ్విన నోళ్లే మళ్లీ ఏడ్చినయ్యిరా" అంటాడు తాతయ్య, అదేదో తన సీనే అయినట్టు.

రీల్ నచ్చితే మనమూ మళ్లీ చూస్తాం. కానీ పదిసార్లు చూసినా పదిసార్లూ అదే రీల్. చేసినవాళ్లకి ఒక అంకె పెరుగుతుంది, అంతే. వన్స్ మోర్ అలా కాదు. పదిమందిలో నోరు తెరిచి అడగాలి. అటువైపు గొంతులో ఓపిక ఉండాలి. రెండోసారి పాడింది మొదటిసారిలా ఉండదు. ఒక్కోసారి ఇంకా బాగుంటుంది, ఒక్కోసారి గొంతు జీరపోతుంది. అయినా అడిగినవాళ్లదీ పాడినవాళ్లదీ అందులో సగం సగం వాటా.

ఆ వాటా ఎప్పుడూ మంచే చేసిందని కూడా అనను. కాళ్లకూరి నారాయణరావు గారు వందేళ్ల కిందట 'చింతామణి' రాసింది వేశ్యావ్యసనం కొంపలు కూలుస్తుందని చెప్పడానికి. జనం మాత్రం సుబ్బిశెట్టి హాస్యానికి ఎక్కువ నవ్వారు. నవ్విన కొద్దీ నటులు పెంచారు. పెంచిన కొద్దీ బూతు చేరింది. మా కులాన్ని అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాక, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధం సరైందా కాదా అన్నది వేరే చర్చ. నాకు మాత్రం అందులో మన ఫోనే కనిపించింది. దేనికి ఎక్కువసేపు ఆగితే అదే మళ్లీ మళ్లీ వడ్డించే అల్గారిథమ్ ఇవాళ పుట్టింది కాదు. అప్పట్లో దాని పేరు చప్పట్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. 

పోయినేడు తాతయ్య కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ వచ్చాడు. నెల తర్వాత డాక్టర్ "ఇక సినిమాలు కూడా చూసుకోవచ్చు" అన్నాడు. ఆ వారం ఒక పాత సినిమా రీ-రిలీజ్ ఉంది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్లీ వేసినప్పట్నుంచి ఈ రీ-రిలీజ్‌ల జాతర తెలిసిందే కదా. నిజం చెప్పాలంటే నాకా గోల పడదు. నాటకాలు చూడ్డం మొదలెట్టాక నాకు కొంచెం తల పొగరు కూడా వచ్చింది. తాతయ్య ముచ్చటపడ్డాడని తీసుకెళ్లాను గానీ, పావుగంటలో బయటికి రావాల్సి వస్తుందేమోనని చివరి సీట్లు బుక్ చేశాను.

అనుకున్నంతా అయింది. టైటిల్స్ పడగానే కాగితం ముక్కలు. పాటకి కుర్రాళ్లంతా తెర ముందుకెళ్లి డాన్సు. హీరో నోరు తెరిచే లోపే హాలంతా డైలాగు చెప్పేస్తోంది. "సారీ తాతయ్యా, వెళ్లిపోదామా?" అన్నాను చెవిలో. 

ఆయన నా వైపు చూడలేదు. సీటు అంచుకి జరిగి కూర్చున్నాడు. "ఏందిరా, వీళ్లకి ఈ సినిమా ముందే వచ్చా?"

"బట్టీ వచ్చు తాతయ్యా. చిన్నప్పట్నుంచీ టీవీలో చూసిందేగా."

"మరి మావాళ్లకి మాత్రం పద్యాలు రాకనా? అన్నీ వచ్చు. వచ్చినవే మళ్లీ వినడానికి పది మైళ్లు నడిచొచ్చేవాళ్లు" అన్నాడు. కాసేపాగి, తెర ముందు ఎగురుతున్న కుర్రాళ్లని చూపిస్తూ, "వన్స్ మోర్ అనరేం వీళ్లు?" అన్నాడు.

"అన్నా ఎవరికి వినపడుద్ది? అది తెర కదా."

"అదొక్కటే లోటు" అన్నాడు తాతయ్య.

నేను పొగరుగా గోల అనుకున్నదాంట్లో ఆయనకి తన ప్రేక్షకులు కనిపించారు. తెర వినదని తెలిసీ అరుస్తున్నారంటే, ఆ కుర్రాళ్లకి కావలసింది సినిమా ఒక్కటే కాదు. సినిమా ఫోన్‌లోనూ ఉంది. పదిమందిలో కలిసి అడగడం కావాలి. నాకు నాటకంలో దొరికిందీ అదే. అంత చిన్న విషయం నాకు ఎనభై దాటిన మనిషి చెప్తే గానీ తెలియలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాం. భోజనాలయ్యాక ఆయన ఆ రీ-రిలీజ్ కథంతా మా బాబాయిలకి చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ ఊపులో "తాతయ్యా, నక్షత్రకుడి పద్యం ఒక్కటి" అని పిల్లలు పట్టుకున్నారు. నాకు గుండె గుభేలుమంది. నాయనమ్మ వంటింట్లో ఉంది. ఆ ఇంట్లో పద్యం వినపడి ఎన్నేళ్లయిందో.

తాతయ్య గొంతు సవరించుకుని మొదలెట్టాడు. రెండు పాదాలు బాగానే వచ్చాయి. మూడో పాదంలో ఆగిపోయాడు. మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ రాలేదు. పిల్లలు ఫోన్లు దించేశారు. 

అప్పుడు వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్య, నాయనమ్మ ఆ మూడో పాదం అందించింది. రాగం లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. నాలుగోది కూడా చెప్పేసింది. 

అందరం అటు తిరిగాం. ఒక్క నాటకమూ చూడని మనిషి! "నీకెలా వచ్చు నాయనమ్మా?" అన్నాను.

"ముప్పై ఏళ్లు పొద్దున లేస్తే దొడ్లో అదే గోలగా. గేదెకి కూడా వచ్చు" అంది, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి. "ఆ అరెకరం ఉంటే ఇవాళ రోడ్డు పక్క ఎంత పలికేదో తెలుసా మీకు?"

ఎవరూ ఏమీ అనలేదు. తాతయ్య తలొంచుకున్నాడు. అరెకరం తిరిగి రాదు. ఆ లెక్క ఏ పద్యమూ తీర్చలేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ కాసేపటికి మెల్లగా, నాయనమ్మ అందించిన మాట దగ్గర పట్టుకుని, పద్యం చివరిదాకా పాడాడు. గొంతు రెండు చోట్ల చిట్లింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి విన్నది. 

నాకు ఆగలేదు. "వన్స్ మోర్!" అని అరిచాను.

నాయనమ్మ వంటింట్లోకి తిరుగుతూ అంది, "చాల్లే మీ నాటకాలు." 

కానీ వెళ్లలేదు. తలుపు వారగా ఆగి నిలబడింది.